తెర మీది చీర

వస్త్రం మనిషిని ఎండవానల నుంచి కాపాడే సాధనం మాత్రమే కాదు. అది ఆ మనిషి చిరునామా కూడా. అంచును చూసి మగ్గాన్నీ, కట్టును చూసి ప్రాంతాన్నీ, రంగును చూసి సందర్భాన్నీ చెప్పగలిగిన పెద్దలు తెలుగునాట నిన్నమొన్నటి వరకు ఉండేవారు. వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి, గద్వాల అనే ఊళ్ల పేర్లు చీరల పేర్లుగా స్థిరపడిపోవడానికి కారణం ఇదే. తూర్పు కనుమల్లోని చాలా కొండవస్త్రాలకు ఈ అదృష్టం పట్టలేదు. వాటిని నేసిన చేతులకు లోకంలో పేరు రాలేదు. నేడు ఆ వస్త్రాల రూపాలు కంప్యూటర్ తెర మీదికి చేరుతున్నాయి. తెర మీద గీసే చీరకు చిరునామా ఉండాలా, అక్కరలేదా? ఫ్యాషన్ చిత్రకళను వృత్తిగా ఎంచుకోదలచిన యువతీయువకులు మొట్టమొదట ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఆంధ్రప్రదేశ్‌లోని అరకులోయ ప్రాంతంలోనూ, సరిహద్దుకు ఆవల ఒడిశాలోని కోరాపుట్ కొండల్లోనూ గదబలు నివసిస్తున్నారు. వారి స్త్రీలు తరతరాలుగా ధరించిన సంప్రదాయ వస్త్రానికి కెరంగు అని పేరు. అడవి మొక్కల నారను వలిచి, ఎండబెట్టి, రంగులద్ది, నూలుతో కలిపి చిన్న మగ్గం మీద ఆ స్త్రీలే దానిని నేసుకొనేవారు. కె. రంగాచారి సహకారంతో ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఈ వస్త్ర వర్ణన కనిపిస్తుంది. అంచులు తెలుపు. దాని పక్కన నీలి పట్టె. నడుమ ఎరుపు కలిసిన గోధుమవన్నె. దాని మీద సమాన దూరాల్లో తెల్లని లేదా నీలి సన్నచారలు. పువ్వులు, లతలు, పక్షులు ఏవీ లేకుండా కేవలం గీతల పొందికతోనే అందాన్ని సాధించిన నేత అది.

ఈ వస్త్రం గురించి ఒక ఐతిహ్యం కూడా అదే గ్రంథంలో ఉంది. వనవాస కాలంలో సీతాదేవిని చూసి కొందరు గదబ స్త్రీలు పరిహసించారనీ, అందువల్ల వారు నారబట్ట తప్ప మరొకటి కట్టరాదని ఆమె శపించిందనీ ఆ కథ. రామాయణంలో శ్రీరాముడు నారచీరలు ధరించి అడవికి వెళ్లాడు. అక్కడ నారచీర త్యాగానికి చిహ్నం. అదే నార కొండస్త్రీ ఒంటి మీద శాపానికి గుర్తు అయింది! కథను ఎవరు అల్లినా, ధరించిన వ్యక్తిని బట్టి వస్త్రానికి విలువ కట్టే లోకరీతి అందులో స్పష్టంగా కనిపిస్తున్నది. కాలక్రమంలో మిల్లు చీరలు సంతలకు వచ్చాయి. నారను వలిచే శ్రమ తగ్గింది. దానితోపాటు కెరంగు నేత కూడా సన్నగిల్లింది. ఒకనాడు నిత్యవస్త్రమైనది నేడు అరుదైన వస్తువుగా మారింది. బట్ట కనుమరుగవుతున్న ఈ వేళలోనే దాని బొమ్మకు గిరాకీ పెరగడం ఆలోచింపజేసే విషయం.

కంప్యూటర్ మీద బొమ్మ గీయడం నిన్నటి విద్య కాదు. ఇవాన్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త 1963లోనే కాంతికలంతో తెర మీద గీతలు గీసే స్కెచ్‌ప్యాడ్‌ను రూపొందించాడు. 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కోరెల్‌డ్రా, 1990లో ఫోటోషాప్ సాఫ్ట్‌వేర్లు వెలువడ్డాయి. 1996లో గింప్, 2003లో ఇంక్‌స్కేప్ ఉచితంగా అందుబాటులోకి రావడంతో డబ్బు లేని విద్యార్థికి కూడా ఈ విద్య చేరువైంది. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన రూపాన్ని స్కాన్ చేసి తెర మీదికి తెచ్చుకోవచ్చు. లేదా స్టైలస్ అనే కలంతో పలక వంటి సాధనం మీద నేరుగా గీయవచ్చు. చేతి ఒత్తిడిని బట్టి గీత లావు, సన్నం అవుతుంది. దేహాన్ని ఒక పొర మీద, వస్త్రాన్ని మరొక పొర మీద, నీడలను ఇంకొక పొర మీద వేసుకొంటే ఒకదానిని చెరపకుండానే మరొకదానిని దిద్దుకోవచ్చు. చిన్న చదరంలో ఒక నమూనాను గీసి, దానిని వస్త్రమంతటా పరచమని ఆదేశిస్తే క్షణంలో చీర నిండుతుంది. కుచ్చిళ్ల మడతల వెంట చారలను వంచడానికీ పరికరాలున్నాయి. నచ్చని రంగును తీసివేయడానికి బట్టను ఉతకనక్కరలేదు. ఒక్క నొక్కు చాలు.

ఈ సౌలభ్యం గొప్పదే. అయితే సౌలభ్యం ఎక్కువైన చోట కన్ను మోసపోయే ప్రమాదమూ ఎక్కువే. గదబ స్త్రీలు వస్త్రం లోపల, నడుము వెనుక భాగాన నల్లని నూలుతాళ్ల కట్టను ధరించేవారు. దాని పేరు ఇర్రె. పైన కట్టిన బట్ట నిలిచే తీరు ఆ కట్ట వల్లనే ఏర్పడేది. ఒక పాత ఛాయాచిత్రాన్ని ముందు పెట్టుకొని తెర మీద గీసేవారికి బట్ట కనిపిస్తుంది గాని, దానికి ఆకృతినిచ్చిన ఇర్రె కనిపించదు. అలాగే మగ్గం మీద చార వెడల్పు పోగుల లెక్కను బట్టి నిర్ణయమవుతుంది. తెర మీద అదే చార వేలికొనతో లాగినంత వెడల్పవుతుంది. ఫ్యాషన్ చిత్రాల్లో మనిషి ఎత్తు తలకు తొమ్మిది రెట్లుగా గీయడం వాడుక. నిజమైన మనిషి ఎత్తు ఏడున్నర తలలకు మించడం అరుదు. కొండదారిలో బరువు మోస్తూ నడవడానికి వీలుగా మోకాళ్ల వరకు కట్టిన వస్త్రాన్ని ఆ పొడవాటి కల్పితదేహానికి తొడిగినప్పుడు వస్త్రం మిగులుతుంది గాని, దాని ప్రయోజనం మిగలదు. కనుక కొండవస్త్రాన్ని గీయదలచినవారికి సాఫ్ట్‌వేర్ నేర్పే పాఠాలు సరిపోవు. ఆ బట్టను నేసినవారినో, కట్టినవారినో అడిగి తెలుసుకోవలసిన పాఠాలు చాలా ఉన్నాయి.

అడగడం అనేది కేవలం జ్ఞానం కోసం మాత్రమే కాదు. న్యాయం కోసం కూడా. ఈ కొండల చరిత్రలో అడగకుండా తీసుకోవడం అనేది పాత కథ. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1959లో ఒక నిబంధన వచ్చింది. 1970లో దానిని కట్టుదిట్టం చేశారు. కొండప్రాంతాల్లో నేటికీ అందరి నోటా వినిపించే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ చట్టం అదే. అరకుకు సమీపంలోని బొర్రా ప్రాంతపు గనుల విషయమై సాగిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతపు భూములను గనుల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు కౌలుకివ్వడం చెల్లదని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆ విధంగా నేలకు ఒక కంచె ఏర్పడింది. కాని ఆ నేల మీద పుట్టిన గీతకు కంచె లేదు. కొండ మీది సెంటు భూమిని కొనలేని వ్యక్తి, ఆ కొండవారి వస్త్రరూపాన్ని మాత్రం ఒక్క ఫోటోతో పట్టుకుపోయి, దిద్ది, తన పేరుతో అమ్ముకోవచ్చు.

చట్టాలు లేవా అన్న సందేహం సహజం. ఉన్నాయి, కాని వాటి కొలతలకు ఈ వస్త్రాలు ఒదగవు. 1957 నాటి కాపీరైట్ చట్టం సాధారణంగా రచయిత జీవితకాలాన్నీ, ఆపై అరవై సంవత్సరాలనూ రక్షణ గడువుగా లెక్కిస్తుంది. వందల ఏళ్లుగా ఒక తెగ స్త్రీలందరూ కలిసి రూపొందించిన చారలకు కర్త ఎవరని చెప్పాలి? 2000 నాటి డిజైన్ల చట్టం కొత్తదనాన్ని కోరుతుంది. తాతమ్మ నేసిన బట్టలో కొత్తదనం ఎక్కడి నుంచి వస్తుంది? ఒక వింత పరిస్థితి ఇక్కడ ఏర్పడుతున్నది. సంప్రదాయాన్ని కాపాడినవారికి హక్కు లేదు. దానిని కాస్త మార్చి గీసినవారు హక్కుదారులు కావచ్చు.

భౌగోళిక గుర్తింపు చట్టం కొంతవరకు ఈ లోటును తీర్చింది. 1999లో చేసిన ఈ చట్టం 2003 నుంచి అమలులోకి వచ్చింది. కోరాపుట్ జిల్లాలో తొగరు జాతి చెట్టు వేళ్లతో ఎరుపు అద్ది నేసే కోట్‌పాడ్ వస్త్రాలకు 2005లో ఈ గుర్తింపు లభించింది. తొగరు అనే మాట తెలుగులో చెట్టుకూ పేరే, ఎరుపుకూ పేరే కావడం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. నియమగిరి కొండల్లోని డోంగ్రియా కోండు స్త్రీలు కొండశిఖరాలను తలపించే త్రికోణాలతో కుట్టుపని చేసే శాలువకు 2024లో గుర్తింపు వచ్చింది. అరకు అరబికా కాఫీకి 2019లోనే అది దక్కింది. పేరు దక్కితే పండించినవారి శ్రమకు విలువ పెరుగుతుందనడానికి అరకు కాఫీయే నిదర్శనం. అయినా ఈ గుర్తింపు ప్రధానంగా వస్తువు పేరును కాపాడుతుంది. పేరు చెప్పకుండా రూపాన్ని మాత్రమే తెర మీదికి ఎత్తుకొనేవారిని ఆపడం దానికి కష్టం.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి సమస్యలు తలెత్తాయి. పనామా దేశంలోని గునా స్త్రీలు రంగురంగుల గుడ్డలను పొరలుగా కుట్టి చేసే మోలా ప్రసిద్ధమైన కళ. ఆదివాసుల సామూహిక మేధాహక్కులను గుర్తిస్తూ ఆ దేశం 2000లో చట్టం చేసింది. 2019లో నైకీ సంస్థ ఒక బూటు మీద మోలా తరహా ఆకృతులను వాడగా గునాలు అభ్యంతరం చెప్పారు. సంస్థ ఆ బూటు విడుదలను విరమించుకొన్నది. 2025లో ప్రాడా సంస్థ మిలాన్ నగరంలో ప్రదర్శించిన చెప్పులు కొల్హాపురి చెప్పులను పోలి ఉన్నా, వాటి మూలాన్ని మొదట ప్రస్తావించలేదు. భారతదేశంలో నిరసన వ్యక్తమయ్యాక, వాటికి ప్రేరణ భారతీయ హస్తకళే అని అంగీకరించింది. ఈ రెండు సందర్భాల్లోనూ గొంతెత్తినవారు ఉన్నారు కనుక లోకం విన్నది. మారుమూల కొండల్లోని కొద్దిమంది స్త్రీల తరఫున గొంతెత్తేవారు ఎవరు?

కళకు ఎల్లలు లేవనీ, ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే కళలు వృద్ధి చెందాయనీ కొందరు వాదిస్తారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. కెరంగులోనే నారతోపాటు నూలు కలిసింది. డోంగ్రియా స్త్రీలు కుట్టుపని చేసే తెల్లబట్టను వారి పొరుగున ఉండే డొంబులు నేసి ఇస్తారు. కొండల్లోనూ అరువులున్నాయి, మార్పులున్నాయి. గదబ యువతి ఎప్పటికీ కెరంగే కట్టాలని ఆదేశించే అధికారం ఎవరికీ లేదు. జీన్స్ తొడుక్కొనే స్వేచ్ఛ పట్నపు పిల్లకు ఉన్నట్టే ఆమెకూ ఉంది. అయితే సంతలో పొరుగువారి నుంచి బట్ట కొన్న డోంగ్రియా స్త్రీకి నేసినవారెవరో తెలుసు. ఆమె వెల చెల్లించింది. రేపు మళ్లీ వారి ముఖం చూడాలి. తెర మీద రూపాన్ని ఎత్తుకొన్న వ్యక్తికి ఈ మూడు బంధాలూ లేవు. కనుక అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చుకొన్నట్టు చెప్పకపోవడమే తప్పు.

ఈ సత్యం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. ప్రాచీన కవులు కావ్యం ఆరంభించే ముందు అవతారికలో పూర్వకవులను స్తుతించేవారు. నన్నయ, తిక్కన, ఎఱ్ఱనలను స్మరించి నమస్కరించడం తరువాతి కవులకు ఆచారమైంది. నన్నయ అయితే భారతరచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టు పేరును అవతారికలోనే చెప్పాడు. కథ వ్యాసునిది, భాష తనది, తోడ్పాటు మిత్రునిది అని విడమరచి చెప్పినందువల్ల ఆయన కీర్తి తరగలేదు, ఇనుమడించింది. పరుల పద్యాన్ని తనదిగా చెప్పుకొన్నవాణ్ణి మాత్రం పెద్దలు చోరకవి అన్నారు. కావ్యానికి వర్తించిన ధర్మం వస్త్రచిత్రానికి ఎందుకు వర్తించదు? బొమ్మ ఫైలులోనే కర్త పేరు, స్థలం, వివరణ రాయడానికి గడులు ఉంటాయి. చాలామంది వాటిని ఖాళీగా వదిలేస్తారు. పొరలకు ‘లేయర్ వన్, లేయర్ టూ’ అనే పేర్లే మిగిలిపోతాయి. నమూనా ఏ తెగది, ఏ ఊరిది, ఎవరు చూపించారు అనే మూడు సంగతులను, వారి అనుమతితో, ఆ గడుల్లో రాస్తే అదే ఈనాటి అవతారిక, అదే పూర్వకవి స్తుతి.

పేరు చెప్పినంత మాత్రాన అన్నిటినీ వాడుకోవచ్చునని కూడా అనుకోరాదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ సవరలు నివసిస్తున్నారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యపుపిండితో వారు వేసే చిత్రాలు సుప్రసిద్ధం. మనుషులు, గుర్రాలు, సూర్యచంద్రులు, చెట్లు చిన్న చిన్న రేఖలతో గోడ నిండా కొలువుదీరుతాయి. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి రాసిన గ్రంథంలో ఈ చిత్రాలను విస్తరంగా పరిచయం చేశాడు. అవి అలంకారం కోసం వేసినవి కావు. ఇంట్లో రోగమో, ఆపదో కలిగినప్పుడు పితృదేవతల కోసం, వారిని తృప్తిపరచడానికి వేసినవి. అటువంటి చిత్రాన్ని చేతిసంచి మీద, రవిక మీద అచ్చువేయవచ్చునా? వేయవచ్చునని సవరలే అనవచ్చు. కొన్నింటిని వేయవచ్చు, కొన్నింటిని కూడదని అనవచ్చు. ఆ నిర్ణయం వారిది. గీసేవారి వంతు అడగడం.

ఆ అడిగే పద్ధతి ఎలా ఉండాలో చూపిన మహనీయుడు తెలుగువారిలోనే ఉన్నాడు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల నుంచే వారి భాషను నేర్చుకొన్నారు. వారి పిల్లల కోసం వాచకాలు రాశారు. 1931లో సవరభాషా వ్యాకరణాన్నీ, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువునూ వెలువరించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ ధనాన్ని సవరల బడికి వినియోగించమని కోరారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. ఆయన సవరల నుంచి మాటలను తీసుకొన్నారు. చదువు రూపంలో తిరిగి ఇచ్చారు. తీసుకొన్న చోటికే తిరిగి ఇవ్వడం అనే ఈ నీతి గీతలకూ వర్తిస్తుంది. కొండరూపంతో గీసిన చిత్రానికి డబ్బు వస్తే అందులో కొండకు భాగం ఉండాలి. ఆ రూపంతో బట్ట తయారైతే ఆ నేతపనిలో కొంతైనా ఆ చేతులకు దక్కాలి.

అంతకంటే మేలైన మార్గం మరొకటి ఉంది. స్టైలస్ కలం కొండపిల్లల చేతికే అందాలి. అరకు, పాడేరు, సీతంపేట కళాశాలల్లో చదువుతున్న గిరిజన విద్యార్థుల ఇళ్లలో ఇంకా అవ్వలు ఉన్నారు. నారబట్ట సంగతులు, కట్టులోని మెలకువలు, పండుగనాటి రంగులు కొందరికైనా జ్ఞాపకం ఉన్నాయి. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక్క కంప్యూటర్‌తో ఆ జ్ఞాపకాన్ని పోగుల లెక్కతో సహా గీసి భద్రపరచవచ్చు. మ్యూజియంలోని బట్ట అద్దాల వెనుక ఉంటుంది; ఇటువంటి చిత్రం మగ్గం మీదికి తిరిగి వెళ్లగలదు. అదే విద్యార్థి కొత్త తరానికి నచ్చే దుస్తులనూ రూపొందించవచ్చు. సంప్రదాయాన్ని మార్చే హక్కు ఎవరికైనా ముందుగా ఉంటే, అది ఆ సంప్రదాయంలో పుట్టినవారికే ఉంటుంది.

ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదు. మాటలు టైపు చేస్తే చాలు బొమ్మను తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్లు 2022 నుంచి విస్తృతంగా వ్యాపించాయి. ‘కొండజాతి చీర’ అని రాస్తే అవి ఏ కొండదీ కాని, ఏ జాతిదీ కాని ఒక చీరను క్షణంలో చూపిస్తాయి. గదబల చారకూ, డోంగ్రియాల త్రికోణానికీ, సవరల గోడబొమ్మకూ తేడా చెరిగిపోయిన చిత్రాలే లోకమంతా నిండితే, రేపటి గదబ బాలిక తన అవ్వ చీరను అందులో పోల్చుకోలేదు. పొరపాటు బొమ్మను ఖండించడానికి నిజమైన బొమ్మ ఎక్కడో ఒకచోట ఉండాలి.

యంత్రం గీతను వంచగలదు, రంగు మార్చగలదు, వెయ్యి చీరలను రెప్పపాటులో పరచగలదు. ఆ గీత ఎవరిదో మాత్రం అది చెప్పలేదు. చెప్పవలసినవాడు గీసే మనిషి. విద్యార్థులు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చినా, ఏ నగరంలో కొలువు చేసినా, తెర మీద తొలి గీత గీసే ముందు ఒక్కమాట అడిగి తెలుసుకోవాలి. అడిగినవారి పేరును బొమ్మ పక్కన రాయాలి. చిరునామా ఉన్న చీర ఎంత దూరం ప్రయాణించినా తన ఇంటికి మేలు చేస్తుంది.